ఆకుతోటలో అవిసె

తమలపాకు తోటలో ఒకమారైనను అడుగు పెట్టిన తెలుగువాడు అవిసె చెట్టును చూచియే యుండును; కాని చూచితినని జ్ఞాపకముంచుకొన్నవారు అరుదు. పొన్నూరు, చినగంజాము ప్రాంతములందును, కడప జిల్లాలోను, తుని పరిసరములందును రైతులు 'ఆకుతోట' అని పిలుచుకొను ఆ చల్లని నీడలోనికి తల వంచి ప్రవేశించినవాని దృష్టి, నిలువునా ఎగబ్రాకిన తీగల మీదను, ఆ తీగల నిగనిగలాడు ఆకుల మీదను, ఆ ఆకులను గోటితో గిల్లి కట్టలు కట్టుచున్న కూలివాండ్ర చేతివడి మీదను నిలుచునే కాని, ఆ తీగల భారమునంతను మోయుచు వరుసలు దీరి నిలిచిన సన్నని మ్రాకులు ఏ జాతివో, వాని ఆకును నోట వేసికొన్న నెట్లుండునో విచారించుటకు మరలదు. పండుగ పబ్బములకు తాంబూలము లేనిదే గడవని మన దేశమున, తాంబూలమును నిలబెట్టిన చెట్టునకు ఈపాటి పేరైనను దక్కకపోవుట వింతయే.

తోట వేయదలచిన రైతు మొట్టమొదట విత్తునది తమలపాకు కాదు, అవిసె. తీగముక్కలు నాటుటకు నెలన్నర, రెండు నెలల ముందుగనే, దున్ని చదును చేసి కాలువలు తీసిన నేలలో అవిసె గింజలను సాళ్లుగా విత్తి, అవి మొలచి నిలద్రొక్కుకొన్న పిమ్మట వాని మొదళ్ల చెంత తీగలను నాటుదురు. తీగ కణుపు కణుపునను వేళ్లు వేసి మ్రానును కరచి పట్టుకొనును. అంతమాత్రముతో నమ్మి ఊరకుండక కూలివాండ్రు కొన్ని దినముల కొకమారు వచ్చి, ఎండిన జమ్ముపోచలతో తీగను మ్రానునకు వదులుగా కట్టుచు పోవుదురు. తమలపాకునకు మండుటెండ గిట్టదు, ముదురు నీడయు గిట్టదు. అవిసె యొక్క చిరురెక్కల ఆకు ఎండను జల్లెడ పట్టినట్లు దింపుటచేత తీగకు కావలసినంత వెలుతురు కావలసిన తీరున అందును. వానకారులో నీడ దట్టమైనప్పుడు కొమ్మలు కొట్టుదురు, వేసవిలో కొట్టక విడుతురు. ఈ కొట్టుట విడుచుటలలోనే ఆకుతోట రైతు నేర్పంతయు ఉన్నదని చెప్పవచ్చును. కొట్టిన కొమ్మలు పశువుల పాకకు చేరును. మ్రాను ముదిరి కూలిపోవు వేళకు దాని తావున వేరొక మొలక సిద్ధముగా నుండును. ఇన్ని పనులు చేసియు అవిసె ఆ తోటలో పంట అనిపించుకొనదు. రాట అనియే అనిపించుకొనును.

ఆకుతోటకు అవిసెనే ఎన్నుకొనుటలో మన పూర్వులు చూపిన వివేకము నీడతో ముగియలేదు. ఇది చిక్కుడు, కంది, పెసర మొదలగు వాని కుటుంబమునకు చెందిన చెట్టు. దీని వేళ్ల మీద బుడిపెలు కట్టును. ఆ బుడిపెలలో కాపురముండు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి, చెట్టునకు ఒంటబట్టు రూపమున మార్చి యిచ్చి, ప్రతిఫలముగా చెట్టు వండిన చక్కెరలో పాలు పుచ్చుకొనును. రాలిన ఆకుతోను, కుళ్లిన వేళ్లతోను ఆ నత్రజనిలో కొంత నేలకు చేరును. పక్కనున్న తీగ దానిని అనుభవించును. వరినాటునకు ముందు మన రైతులు పెంచి మడిలోనే దున్ని కలుపు జీలుగ దీనికి తోబుట్టువు. శాస్త్రజ్ఞులు రెంటిని సెస్బేనియా అను ఒకే ప్రజాతిలో చేర్చినారు. జీలుగ కొలది నెలలలో ముగిసిపోవు పైరు, అవిసె పది యిరువది యేండ్లు నిలుచు చెట్టు, ఇంతియే భేదము.

ఇక దీని అందము మాట. తోటలో తీగల చాటున కొమ్మలు నరికించుకొనుచు బ్రతుకు అవిసెను చూచి దాని సౌందర్యమును నిర్ణయించుట న్యాయము కాదు. పెరటిలోనో, చెరువుగట్టుననో ఒంటిగా స్వేచ్ఛగా పెరిగిన అవిసె తొలియేడే పది పండ్రెండు అడుగులు సాగి, మూడు నాలుగేండ్లకు 25 మొదలు 35 అడుగుల ఎత్తునకు లేచి, కొమ్మలను పలుచగా చాచి నిలుచును. దీని ఆకు ఒక్కొక్కటి అడుగు పొడవు వరకు నుండు ఈనె; దానికి ఇరుప్రక్కల చింతాకు తీరున, కాని చింతాకు కంటె చాల పెద్దవిగా, 10 మొదలు 30 జతల రెక్కలు ఎదురెదురుగా కూర్చియుండును. కొనయందు ఒంటిరెక్క ఉండదు, జతతోనే ముగియును. బెరడు దళసరి, పగుళ్లు పారినది. గాటు పెట్టినచో ఎర్రని బంక కారి, గాలి తగిలిన కొలది నల్లబడును.

వీటినన్నిటిని మరపించునది పువ్వు. చిక్కుడు కుటుంబపు పువ్వు లనగానే మనకు చిటికెన వ్రేలి గోరంత కందిపువ్వు, పెసరపువ్వు స్ఫురించును. అవిసె పువ్వు రెండు మొదలు నాలుగు అంగుళముల పొడవుండి, ఆకుల గ్రీవమున రెండు మూడేసి గుత్తులుగా క్రిందికి వ్రేలాడును. మొగ్గ విచ్చుటకు ముందు చవితినాటి చంద్రరేఖ వంపుతో నుండుటచేత సంస్కృత నిఘంటువులు దీనిని వక్రపుష్ప మన్నవి. ఒక పువ్వును అరచేత నుంచుకొని విప్పి చూచినచో దాని కట్టడము తేటపడును: పైన వెనుకకు విరిగిన వెడల్పాటి రేకు ఒకటి, దీనిని ధ్వజ మందురు, దాని క్రింద ఇరువైపుల రెండు బాహువులు, వాని నడుమ రెండు రేకులు అంచులు కలిసి ఏర్పడిన ద్రోణి, పడవ ఆకారమున. ఆ పడవలో వంపు తిరిగి పడుకొన్న కేసరములు 10. అందు 9 ఒక్క కట్టగా కలిసిపోగా, పదియవది విడిగా ఉండును. తేనె ఉండునది వీని మొదట. పువ్వు బరువు, లోతు చూడగా ఇది తేనెటీగ కంటె తేనెపిట్టకే తగిన పాత్ర, మరియు తేనెపిట్టలు దీనిని విడువవు. తెల్లపూల అవిసె మనకు సర్వసాధారణము. ఎర్రపూల జాతి అంతకంటె అరుదు, కన్నుల పండువు. పువ్వు రాలిన పిదప అడుగు మొదలు రెండడుగుల పొడవుగల సన్నని కాయలు జడలవలె దిగును.

ఇంతటి చెట్టును విడిచి, మన పట్టణములలో ఉద్యానములు వేయువారు మడగాస్కరు నుండి వచ్చిన తురాయిని, ఆఫ్రికా నుండి వచ్చిన ఇతర వృక్షములను వీథి పొడవునను నాటుచుందురు. తురాయి మీద నాకు కోపము లేదు. వైశాఖమున ఆ చెట్టు చేయు వైభవము కాదనరానిది. కాని పూచుటయు, నీడ నిచ్చుటయు, కూరయగుటయు ఒక్కటే చెట్టు చేయుచుండగా దానిని పశువుల మేతగా మాత్రమే లెక్క కట్టుట మన చిన్నచూపు.

అవిసెకు సంస్కృతమున అగస్తి యనియు, మునిద్రుమ మనియు, పువ్వునకు మునిపుష్ప మనియు పేళ్లున్నవి. కడవలో పుట్టి, వింధ్యను వంచి, సముద్రమును పుడిసిలించిన అగస్త్య మహర్షి దక్షిణాకాశమున నక్షత్రమై వెలుగుచున్నాడని మనవారి విశ్వాసము. రాత్రి ఆకసమున మృగవ్యాధుని తరువాత అంత కాంతిమంతమైన తార వేరొకటి లేదు. ఉత్తరదేశములకు పోయిన కొలది అది దిగంతమునకు దిగజారి కనుమరుగగును. మన తావుల నుండి మాత్రము దక్షిణమున స్పష్టముగా కనబడును. వర్షర్తువు వెనుకబట్టి శరత్తు ప్రవేశించు సంధివేళ, వేకువన, ఆ తార మరల కానవచ్చును. కలక నీళ్లు తేరుకొనుటయు అప్పుడే. కాళిదాసు రఘువంశము నాలుగవ సర్గలో శరత్తును వర్ణించుచు అగస్త్యోదయముతో జలములు నిర్మలములైన సంగతిని స్మరించినాడు. అవిసె విరివిగా పూయుటకు మొదలిడుట సుమారు ఆ కాలముననే యగుటచేత చెట్టునకు ఋషి పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. నీరు దొరికిన చోట ఈ చెట్టు తక్కిన నెలలలోను అంతో యింతో పూచుచునే యుండును కనుక దీనిని పంచాంగము వలె పట్టుకొనరాదు. ఐనను చక్కని ఊహ. కార్తీకమాసమున విష్ణుపూజకు అవిసె పూలు ప్రశస్తములని కార్తీక పురాణము విని పెరిగినవారెరుగుదురు.

ఋషి పేరు ధరించినను అవిసె పుట్టిల్లు మన దేశమే యని ఘంటాపథముగా చెప్పుటకు వీలులేదు. మలయా, ఇండోనీషియా ద్వీపముల ప్రాంతము దీని జన్మస్థానమని వృక్షశాస్త్రజ్ఞులలో పలువురి అభిప్రాయము. ఎంత ప్రాచీనకాలమున వచ్చినదో గాని, పాశ్చాత్యులు మన తీరమున దిగు నాటికి ఇక్కడి పెరళ్లలో పాతకాపై యున్నది. కొచ్చిన్ డచ్చి అధికారియైన హెండ్రిక్ వాన్ రీడ్ మలయాళ వైద్యుల తోడ్పాటుతో కూర్పించగా, 1678 మొదలు 1693 వరకు ఆమ్‌స్టర్‌డాము నగరమున 12 సంపుటములుగా అచ్చుపడిన 'హోర్తూస్ మలబారికూస్' అను మహాగ్రంథపు మొదటి సంపుటముననే అవిసె, అగతి అను పేరుతో, చిత్రముతో సహా చోటు చేసికొన్నది.

దీనిని తినుటలో మాత్రము తూర్పుదేశముల వారు మనకంటె ఎన్నియో అడుగులు ముందున్నారు. జావాలో వరిమళ్ల గట్ల మీద దీనిని పెంచి, పూలను ఉడికించి వేరుసెనగ ముద్దతో కలిపి భుజింతురు. థాయిలాండులో పులుసుకూరలలో వేయుదురు. ఫిలిప్పీన్సు దీవులలో ఇలోకానో జనులు పూలను వేడినీట ముంచి తీసి పచ్చళ్లవలె వాడుకొందురు. సింహళద్వీపమున లేత ఆకును తరిగి కొబ్బరితో కలిపి వండుదురు. అంత దూరము పోనేల, మన సరిహద్దు దాటి తమిళదేశమున అడుగు పెట్టినచో అవిసాకు అగత్తికీరై అను పేరుతో కూరగాయల అంగడిలో తోటకూర ప్రక్కన కట్టలుగా కనబడును. అక్కడ అమావాస్యనాడు పితృదేవతల ప్రీతికై గోవునకు అగత్తి కట్టను తినిపించుట పుణ్యకార్యము. దేవాలయముల వాకిళ్ల యందు అందుకొరకే అమ్మువారు కూర్చుందురు. ఏకాదశి ఉపవాసమున్నవారు మరునాటి ద్వాదశి పారణలో ఈ ఆకును తప్పక వడ్డించుకొను ఆచారము ఆ దేశమున దృఢముగా నిలిచియున్నది. తెలుగునాట వైష్ణవ కుటుంబములు కొన్నింట నేటికిని కలదు. దినమంతయు శుష్కించిన కడుపునకు మొదటి ముద్దలో ఆకుకూరను నియమించినవారు పాకశాస్త్రమెరిగినవారే.

ఆ నియమమునకు ఈనాటి శాస్త్రము చూపు సాక్ష్యము తక్కువది కాదు. హైదరాబాదు నందలి జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించిన ఆహారపదార్థముల పట్టికలలో 100 గ్రాముల అవిసాకునకు 8.4 గ్రాముల మాంసకృత్తులు, 1130 మిల్లీగ్రాముల కాల్షియము, 169 మిల్లీగ్రాముల సి విటమిను చూపబడినవి. ఆ పట్టికలలోనే ఆవుపాలకు 100 గ్రాములకు 120 మిల్లీగ్రాముల కాల్షియము, మునగాకునకు 440 మిల్లీగ్రాములు. సి విటమినులో మునగాకుదే పైచేయి. కాని మాంసకృత్తులలోను కాల్షియములోను అవిసె దానిని మించును. ఆకులోనున్న కాల్షియమంతయు ఒంట బట్టదు. సి విటమినులో పెద్దపాలు పొయ్యిమీద పోవును. కనుక అంకెలను చూచి మురిసిపోవుట తగదు. అయినను, మునగాకును పొడిచేసి డబ్బాల కెక్కించి దేశదేశములకు పంపుచున్న ఈ కాలమున, దానితో సరితూగు ఆకును ఆకుతోటలలో టన్నులకొలది నరికి గేదెలకు వేయుచున్నామన్నది నిజము. గేదెలు అదృష్టవంతులు. మేకలకును ఇది ప్రియాతిప్రియము. ఆరబెట్టిన ఆకులో నాలుగవ వంతునకు తక్కువ కాకుండ మాంసకృత్తులుండుటచేత పాడిపశువునకు ఇంతకు మించిన పచ్చిమేత దొరకుట కష్టము.

మనుష్యుడు దీనికి వెనుదీయుటకు కారణము ఒక్కటే: చేదు. కాకర చేదును వ్రతముగా తినువారు, వేపపువ్వు లేనిదే ఉగాది గడవనివారు అవిసాకు చేదునకు ముఖము చిట్లించుట నాకు సమంజసముగా తోచదు. కాకరకు మనము ఉప్పు రాయుట, పులుసు పెట్టుట, బెల్లము వేయుట మొదలగు ఉపాయములను తరతరములుగా అలవరచుకొన్నాము. అవిసెకు అట్టి ఓపిక చూపలేదు, అంతియే.

ఆ ఓపిక చూపదలచినవారికి పని ఇట్లుండును. కోయవలసినది లేత కొమ్మల ఆకు. ముదురాకు ఎంత ఉడికినను పీచుగా నిలుచును. ఈనెను ఎడమచేత కొసపట్టి కుడిచేతి వ్రేళ్లతో క్రిందికి దూసినచో రెక్కలన్నియు ఒక్కసారిగా రాలును. ఈనెలను పారవేయవలెను, పొరపాటున ఒకటి చేరినను పంటిక్రింద తగులును. ఆకును కడిగి సన్నగా తరిగి, నీటికి బదులు బియ్యము కడిగిన రెండవ నీటిలో ఉడికించినచో చేదు విరుగునని తమిళ స్త్రీలు చెప్పుదురు, వారి పద్ధతి మెచ్చదగినదే. నానిన పెసరపప్పు సగము ఉడికిన వేళ ఆకును చేర్చి, మూత పెట్టక, పప్పు పలుకుగా నుండగనే దింపి, ఎండుమిరప, జీలకర్ర, దంచిన వెల్లుల్లి, ఉల్లిపాయలతో పోపు పెట్టి, చివరను పచ్చికొబ్బరి కోరు చల్లవలెను. మొదటిసారి వండువారు చిటికెడు బెల్లము వేయుట మంచిది. చింతపండు పులుసు మాత్రము దీనికి నప్పదు. పులుపు దీని చేదును అణచదు, ఎత్తి చూపును. వేపుడుగా చేయదలచినచో నూనె ధారాళముగా నుండవలెను.

పువ్వు వంట ఇంతకంటె సులభము, రుచి ఇంతకంటె సౌమ్యము. మెరుగు చెడని పూలను కోసి, ఆకుపచ్చని పుష్పకోశమును గిల్లివేసి, ద్రోణిని చీల్చి లోపలి కేసరములను కీలమును తీసివేయవలెను; చేదంతయు అక్కడనే దాగియుండును. మిగిలిన రేకులను జీలకర్ర, వాము కలిపిన పలుచని సెనగపిండిలో ముంచి వేచిన బజ్జీలు, నోట వేసికొనగానే పుట్టగొడుగును తలపించు మెత్తదనముతో నుండును. కొబ్బరి వేసి చేసిన కూరయు బాగుండును. ఎర్రపూలు కొంచెము ఎక్కువ చేదని వాడుక.

వైద్యమున దీని ప్రసక్తి ప్రాచీనము. 16వ శతాబ్దివాడైన భావమిశ్రుడు భావప్రకాశమున అగస్తిపుష్పమునకు రేచీకటిని, నాలుగవనాడు మరలివచ్చు జ్వరమును పోగొట్టు గుణము చెప్పినాడు. రేచీకటి ఏ విటమిను లోపమున వచ్చునో మనకు తెలిసినది నిన్న మొన్న. అవిసాకులో ఆ ఎ విటమినునకు మూలమగు కెరోటీను సమృద్ధిగా ఉన్నదని పైన చెప్పిన పట్టికలే చెప్పుచున్నవి. ఆచార్యుడు చెప్పినది పువ్వును గురించి, పట్టికలు చెప్పినది ఆకును గురించి, కనుక రెంటిని ముడిపెట్టుటలో తొందరపడరాదు. జ్వరము మాట వేరు. దానికి వైద్యునే ఆశ్రయింపవలెను. మందు పుచ్చుకొనుచున్న దినములలో అగత్తికీరై తినినచో మందు విరుగునని తమిళులలో బలమైన నమ్మకము కలదు. ఆ మాట విన్న తమిళ గృహిణి ఔషధ సేవనము ముగియువరకు ఆ కట్టను ఇంటికి తెచ్చుకొనదు.

పెరటిలో ఒకటి నాటదలచినవారు గింజల విషయమున జాగ్రత్త పడవలెను. కిరాణా అంగడికి పోయి అవిసె గింజలని అడిగినచో నిగనిగలాడు బల్లపరుపు చిన్నగింజలను పొట్లము కట్టి యిత్తురు. అవి నూనెకు, నారకు పండించు వేరొక మొక్కవి, ఎన్నడును చెట్టు కావు. ఆకుతోట రైతును అడుగుట ఉత్తమము. ఆ గింజ చిక్కుడు జాతిదని చూడగనే తెలియును. ఒక రాత్రి నీట నాననిచ్చి, తొలకరిలో నేలలోనే విత్తినచో వారము దినములలో మొలచును. దీనికి నేల ఎట్టిదైనను ఫరవాలేదు, కొంత చౌడునైనను, కొంత నీటి నిలువనైనను సైరించును, ఓర్వలేనిది పెనుగాలి. కర్ర మెత్తన, కొమ్మ పెళుసు. గాలివాన కెదురుగా నాటినచో ఒక తుపానునకే నడుము విరుచుకొనును. గోడ మరుగు మంచిది. మ్రాను ఆరడుగులు దాటగానే చివురు త్రుంచినచో ప్రక్కకొమ్మలు చేతికందు ఎత్తున వచ్చును, ఆకు కోతకు నిచ్చెన అక్కరలేదు. కోసినప్పుడు కొంత ఆకు చెట్టు మీద తప్పక విడువవలెను. నున్నగా దూసి వేయుట రెండు మూడు మార్లు జరిగినచో జీలుగకు అక్కయైన ఈ చెట్టు మరల చిగిర్చదు. కాండమును తొలుచు పురుగొకటి దీనికి శత్రువు. మొదట రంపపు పొట్టువంటి పొడి రాలుచున్నదేమో చూచుకొనుచుండవలెను. కొమ్మలు కొట్టుచు వాడుకొను చెట్టు ఒంటిగా విడిచిన చెట్టంత కాలము బ్రతుకదు, కనుక మొదటిది బలముగా నున్నప్పుడే దాని ప్రక్కన రెండవ గింజను విత్తుట ఆకుతోట రైతుల వాడుక.